తుఫాను తర్వాత తన్నా దీవికి మిషనరీగా వెళ్తున్నవారికి

మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను, ఇదే దారిలో ఉన్న మిగతావాళ్లకీ పనికొస్తుంది. మీరు కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌గా పనిచేశారు, మీ ఆవిడ నర్సు. పసిఫిక్ సముద్రంలోని వనువాటు దేశంలో, దక్షిణాన ఉన్న తన్నా దీవిలో, తుఫానుకు కూలిపోయిన ఒక ఊరికి మీ సంఘం మిమ్మల్ని రెండేళ్లపాటు పంపుతోంది. అక్కడ బతుకు ఎలా ఉంటుంది, ముందు చర్చి కట్టాలా ఇళ్లు కట్టాలా, వాక్యం చెప్పడానికి అసలు టైమ్ ఉంటుందా అని అడిగారు. చివర్లో ఇంకో చిన్న ప్రశ్న వేశారు: వెంటనే బయల్దేరాలా అని.

ఆ చివరి ప్రశ్నకే ముందు జవాబు. తొందరపడకండి. తుఫాను వెళ్లిన మొదటి నెలలో దీవికి మనుషుల కరువు ఉండదు. విమానాలు, ఓడలు, కెమెరాలు, లోగో టీషర్టులు, అన్నీ అప్పుడే దిగుతాయి. నాలుగో నెల వచ్చేసరికి ఒక్కొక్కరే పెట్టె సర్దుకుంటారు. తిండికి అసలు ఇబ్బంది మొదలయ్యేది, హడావుడిగా వేసిన కప్పుల లోపాలు బయటపడేది, ఊళ్లో మనస్పర్థలు పైకొచ్చేది ఆ తర్వాతే. రెండో ఏడాదిలో కూడా అక్కడే కనిపించే మనిషే ఆ ఊరికి కరువు. మీ చేతిలో రెండేళ్లు ఉన్నాయి కాబట్టి మీ విలువ అక్కడే ఉంది. 2015లో వచ్చిన పామ్ తుఫాను తర్వాత ఆ దక్షిణ దీవుల్లో పనిచేసినవాడిగా చెప్తున్నాను.

ఇక, సువార్త తెలియని చోటికి వెళ్తున్నామనే ఊహ ఏమైనా ఉంటే ఇక్కడే దించేసుకోండి. 1839 నవంబరులో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జాన్ విలియమ్స్ తన్నాలో ముగ్గురు సమోవా ఉపదేశకులను దింపి, పక్కనున్న ఎర్రొమాంగో దీవికి వెళ్లాడు. ఒడ్డున అడుగుపెట్టిన రోజే, నవంబరు 20న, అతన్నీ తోటివాడు జేమ్స్ హ్యారిస్‌నీ అక్కడివాళ్లు చంపేశారు. 1848లో కెనడాలోని నోవా స్కోషియా నుంచి జాన్ గెడ్డీ అనైట్యుమ్ దీవికి వచ్చాడు. 1858లో జాన్ పేటన్ తన్నాలో దిగాడు. కొన్ని నెలలకే భార్యనీ పసిబిడ్డనీ ఆ నేలలోనే పాతిపెట్టి, 1862లో ప్రాణాలు దక్కించుకుని బయటపడ్డాడు. పుస్తకాల్లో ఈ తెల్లవాళ్ల పేర్లే నిలిచాయి. వాళ్లకంటే ముందు దిగి, జ్వరాలతో చనిపోయిన సమోవా, రరొటోంగా దీవుల ఉపదేశకుల పేర్లు ఎంతమందికి తెలుసు? నాకు అడిగితే దక్షిణ పసిఫిక్ సంఘాల పునాది వాళ్లే.

ఈ చరిత్రలో మీరు బాగా గుర్తుపెట్టుకోవాల్సింది 1861. ఆ ఏడాది ఓడల మీద తట్టు వచ్చింది, జనం పిట్టల్లా రాలిపోయారు. దాంతోపాటు తుఫానులు. బయటివాళ్లు వచ్చాకే ఈ అరిష్టాలన్నీ అని నింద మిషనరీల మీద పడింది. ఎర్రొమాంగోలో గోర్డన్ దంపతులను ఆ మే నెలలోనే చంపారు. ఇది పాత కథే, కానీ అక్కడ మరిచిపోయిన కథ కాదు. 2009లో ఎర్రొమాంగో వాళ్లు జాన్ విలియమ్స్ వారసులను పిలిపించి, అందరి ముందూ క్షమాపణ అడిగి, రాజీ పడే వేడుక జరిపారు. 170 ఏళ్ల తర్వాత. అంత కాలం ఒక తప్పును మోసి, చివరికి దాన్ని దించుకున్న క్రైస్తవుల మధ్యకు మీరు వెళ్తున్నారు.

ఇప్పుడు ఆ దేశంలో అతిపెద్ద సంఘం ప్రెస్బిటేరియన్లది. 1980లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు మొదటి ప్రధాని వాల్టర్ లిని, ఆంగ్లికన్ ఫాదర్. పామ్ వచ్చినప్పుడు అధ్యక్షుడు బాల్డ్విన్ లాన్స్‌డేల్, ఆయనా ఆంగ్లికన్ ఫాదరే. ఆ సమయానికి ఆయన జపాన్‌లోని సెండాయ్‌లో, విపత్తుల నష్టం తగ్గించడం మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన సదస్సులో ఉన్నాడు. విధి విచిత్రం అంటే ఇదే. కాబట్టి అక్కడ పాస్టరు, సంఘ పెద్దలు, స్త్రీల సమాజం, సండే స్కూలు అన్నీ మీకంటే ముందే ఉన్నాయి. మీరు వాళ్ల కింద పనిచేయడానికి వెళ్తున్నారు. మీ సంఘం ఇచ్చిన ఉత్తరాన్ని వెళ్లగానే అక్కడి పాస్టరు గారి చేతికిచ్చి, ఏం చేయమంటారని అడగండి. ఆయన చెప్పే మొదటి పని బహుశా మీరు ఊహించింది అయ్యుండదు.

పైగా తన్నాలో అందరూ చర్చికి వచ్చేవాళ్లు కాదు. పాత ఆచారాన్నే, వాళ్ల మాటలో 'కస్టమ్', పట్టుకుని ఉన్న ఊళ్లున్నాయి. సల్ఫర్ బే దగ్గర ఏటా ఫిబ్రవరి 15న కవాతు చేసే జాన్ ఫ్రమ్ వాళ్లున్నారు, జాన్ ఫ్రమ్ అనేవాడు సంపదతో తిరిగొస్తాడని వాళ్ల నమ్మకం. కేథలిక్కులు, సెవెంత్ డే వాళ్లు, అసెంబ్లీస్ వాళ్లు వేరు. తుఫానుకు మాత్రం వీళ్లందరి కప్పులూ ఒకేలా ఎగిరిపోతాయి. అందుకే సాయం విషయంలో ఒక్కటే నియమం పెట్టుకోండి: మన సంఘంలో ఉన్నారా లేదా అన్నది చూసి బియ్యం పంచకండి. బియ్యం సంచి చూపించి బాప్తిస్మం దాకా నడిపించే పద్ధతి చాలా చోట్ల చూశాం. బియ్యం అయిపోయిన రోజే ఆ విశ్వాసమూ అయిపోతుంది, పక్క ఊరితో పగ మాత్రం మిగులుతుంది.

తుఫాను సంగతికి వద్దాం. పామ్ 2015 మార్చి 13న వచ్చింది, అన్నిటికంటే తీవ్రమైన ఐదో కేటగిరీ. గంటకు 250 కిలోమీటర్ల గాలి, రాజధాని పోర్ట్ విలా ఉన్న ఎఫాటే దీవి పక్కనుంచి దూసుకొచ్చి ఎర్రొమాంగో, తన్నాల మీద పడింది. దేశం మొత్తం మీద సుమారు 1,88,000 మంది దెబ్బతిన్నారు, 17,000 దాకా ఇళ్లు పాడయ్యాయి లేదా కూలిపోయాయి. చనిపోయినవాళ్లు మాత్రం 11 మంది. అంత గాలికి ఇంత తక్కువ ప్రాణనష్టం ఎలా సాధ్యమైందని బయటివాళ్లు ఆశ్చర్యపోతారు. ఫోన్లకూ రేడియోకూ హెచ్చరికలు అందాయి, స్కూళ్లూ చర్చిల్లో జనం ముందే చేరారు. ఇంకొకటి ఉంది, అది మీరు వెళ్లి కళ్లతో చూడాలి. తన్నాలో 'నిమలతన్' అనే పాతకాలపు తుఫాను గుడిసె కడతారు. గోడలంటూ ఉండవు, ఆకుల కప్పే రెండు వైపులా వంగి నేలను తాకుతుంది. గుంజలు లోతుగా పాతి, అడవి తీగలతో కట్టేస్తారు. వాకిలి ఎంత చిన్నదంటే వంగి పాక్కుంటూ దూరాలి. గాలికి పట్టు దొరికే మూల అనేదే ఉండదు. సిమెంటు గోడల ఇళ్ల రేకులు లేచిపోయిన రాత్రి, వీటిలో పడుకున్న కుటుంబాలు తెల్లారి బయటికొచ్చాయి. మీరు సైట్లలో పనిచేసినవారు కాబట్టి చెప్తున్నాను, ఏ ఇంజినీరింగ్ కాగితం తెరిచే ముందైనా ఒక ముసలాయన్ని పట్టుకుని నిమలతన్ ఎలా కడతారో దగ్గరుండి నేర్చుకోండి.

ప్రాణాలు దక్కాయి గానీ పంట దక్కలేదు. పామ్ దెబ్బకు పంటలో 96 శాతం పోయిందని లెక్క తేలింది. తన్నాలో జనం తినేది వాళ్ల తోటలోదే. చేమ, పెండలం, కర్రపెండలం, చిలగడదుంప, అరటి, సీమపనస, ఐలాండ్ క్యాబేజీ అనే ఆకుకూర. తుఫాను తర్వాత మొదటి వారాల్లో తిండి ఉన్నట్టే కనిపిస్తుంది, ఎందుకంటే రాలిన అరటి గెలలు, సీమపనస కాయలు నేలంతా ఉంటాయి. వాటి తర్వాత గాలికి వేళ్లు కదిలిన కర్రపెండలం తవ్వేస్తారు, లేకపోతే కుళ్లిపోతుంది. పెళ్లికి వండినంత వంట రోజూ పొయ్యి మీద ఉంటుంది. ఫోటో తీసుకునే వాళ్లు ఆ వారాల్లో వచ్చి, ఫరవాలేదులే అనుకుని వెళ్తారు. ఆ తర్వాత ఖాళీ. చిలగడదుంప తీగ నాటితే చేతికి రావడానికి మూడు నాలుగు నెలలు, అరటికీ కర్రపెండలానికీ దగ్గర దగ్గర ఏడాది, కొబ్బరికీ సీమపనసకీ ఏళ్లు. పామ్ తర్వాత ఇంకో దెబ్బ తగిలింది, అదే ఏడాది ఎల్‌నినో వచ్చి వర్షాలు ముఖం చాటేశాయి. నాటిన తీగలు ఎండిపోయాయి. తన్నాలో యసూర్ అగ్నిపర్వతం వైపు ఊళ్లకైతే బూడిద కూడా తోడు, ఆకుకూర మీద పడితే ఆకు మాడిపోతుంది.

అందుకే మీ మొదటి ఆరు నెలల పరిచర్య తోటలోనే జరుగుతుంది. అక్కడ శనివారం తోట రోజు, ఆదివారం వంటకీ మరుసటి వారానికీ దుంపలు తెచ్చుకుంటారు (శనివారం విశ్రాంతి దినంగా పాటించే సెవెంత్ డే వాళ్లకు అది శుక్రవారం). మీరూ గడ్డపార పట్టుకుని వెళ్లండి. నాటడానికి కావలసిన తీగలూ పిలకలూ తుఫాను దెబ్బ తక్కువ తగిలిన ఊళ్ల నుంచో దీవుల నుంచో తెప్పించే ఏర్పాటుకు డబ్బు పెట్టించండి. విత్తనాల ప్యాకెట్లు పంపుతామని ఎవరైనా అంటే, అక్కడివాళ్లు తినేవేవో అడిగాకే ఒప్పుకోండి. ఎవరూ తినని కూరగాయ పెంచి ఏం లాభం. ముసలివాళ్లను కదిపితే సీమపనసను గుంటలో పాతిపెట్టి పులియబెట్టి నిల్వ చేసుకునే పద్ధతి చెప్తారు. కరువు రోజుల కోసం వాళ్ల తాతలు చేసింది అదే. బియ్యం దొరకడం మొదలయ్యాక చాలాచోట్ల తగ్గిపోయింది. సంఘం కుర్రాళ్లతో ఒకసారి ఆ గుంట తవ్వించి చూడండి, పది ప్రసంగాల పని అవుతుంది.

ఊరి నిర్ణయాలు జరిగేది నకమాల్‌లో. తన్నాలో అంటే పెద్ద మర్రి కింద ఖాళీ స్థలం. సాయంత్రం మగవాళ్లు చేరి కావా అనే, మత్తునిచ్చే వేరు పానీయం తాగుతారు, కావా ఎక్కాక గొంతులు తగ్గుతాయి, ఎవరూ పెద్దగా మాట్లాడరు. మీరు తాగాలా వద్దా అన్నది మీ సంఘం, మీ మనస్సాక్షి చూసుకోవాల్సిన సంగతి. అక్కడి సంఘాల్లోనే దీని మీద ఏకాభిప్రాయం లేదు. తాగకపోయినా, పిలిచినప్పుడు వెళ్లి కూర్చోవడం మాత్రం మానకండి. కూర్చోకపోతే మీకు ఊరి సంగతులు తెలియవు.

సాయం పంచే పద్ధతి ఒకటి దగ్గరగా చూపిస్తాను. ఒక సంస్థ వాళ్లు ఇంటికొక సంచి చొప్పున లిస్టు రాసుకుని వచ్చారు. మర్రి కింద సంచులు దించారు. లిస్టు చదవడం మొదలుపెట్టగానే జనంలో గుసగుసలు. వాళ్ల లెక్కలో ఇల్లంటే ఒక కప్పు. ఒక కప్పు కింద ఇద్దరన్నదమ్ముల కుటుంబాలున్న చోట ఒక్క సంచి వచ్చింది, పడుకునే గుడిసె వేరు, వంట గుడిసె వేరు ఉన్న ఇంటికి రెండొచ్చాయి. పెద్దమనిషి ఏమీ అనలేదు. సంతకాలన్నీ అయ్యి, బండి కొండ మలుపు తిరిగాక, సంచులన్నీ మళ్లీ ఒకచోట పోయించాడు. ఒక ముసలమ్మ కొబ్బరి చిప్ప తీసుకుని, ఎవరింట్లో ఎంతమంది ఉన్నారో ఆమెకు తెలిసిన లెక్క ప్రకారం కొలిచింది. కొత్తగా బిడ్డను కన్న ఇంటికి ఒక చిప్ప ఎక్కువ. లిస్టులో పేరే లేని కస్టమ్ ఊరి కుటుంబానికీ ఒక వాటా వెళ్లింది. ఎవరూ కిక్కురుమనలేదు. మీరు సాయం పంచే పరిస్థితి వస్తే ఆ చిప్ప ఎవరి చేతిలో ఉంటుందో ముందు కనుక్కోండి, లిస్టు తర్వాత రాసుకోవచ్చు.

అదే నకమాల్ విషయంలో ఒక ఇబ్బంది కూడా ఉంది, దాచడం ఎందుకు. తన్నాలో కావా వేళ ఆడవాళ్లకు అక్కడ చోటు లేదు. నీళ్లు ఎంత దూరం నుంచి మోయాల్సి వస్తోందో, మరుగుదొడ్డి ఎక్కడుంటే రాత్రి భయం లేకుండా వెళ్లగలరో తెలిసినవాళ్లు ఆ మాట చెప్పే చోట ఉండరన్నమాట. మీ ఆవిడ పని ఇక్కడే మొదలవుతుంది. ప్రెస్బిటేరియన్ సంఘంలో స్త్రీల సమాజం చాలా గట్టిది, వాళ్లతో కలిస్తే సగం ఊరి మాట వినిపిస్తుంది. ఇంకో సంగతి నర్సుగా ఆమెకు తెలియాలి. 2011లో తన్నా ఉన్న టఫియా ప్రావిన్సు మీద వానియా, అటు అనే రెండు తుఫానులు వెంటవెంటనే పడ్డాక, అక్కడి మహిళా కౌన్సెలింగ్ కేంద్రానికి వచ్చిన కొత్త గృహహింస కేసులు 300 శాతం పెరిగాయి. తోట పోయి, పని లేక, ఇరుకు గుడారంలో ఉన్న ఇంట్లో ఏం జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు. దెబ్బలతో వచ్చిన మనిషికి కట్టు కట్టి, సహించమని వాక్యం చదివి పంపేయడం పరిచర్య కాదు. ఆ కేంద్రం ఎక్కడుందో, రాత్రిపూట ఎవరింట్లో తలదాచుకోవచ్చో మొదటి నెలలోనే తెలుసుకుని ఉండమనండి.

ఇప్పుడు కట్టడం. చర్చి ముందా ఇళ్లు ముందా అన్నారు. నేను ఇళ్లు, నీళ్లు, స్కూలు ముందు అంటాను. కానీ ఊరివాళ్లు చర్చే ముందన్నారనుకోండి, వెంటనే అడ్డం చెప్పకండి. చాలా ఊళ్లలో గట్టి కట్టడం అదొక్కటే, వచ్చే తుఫానుకు అందరూ దూరేది అందులోకే. అలాంటప్పుడు మీరు వాదించాల్సింది గోపురం ఎత్తు గురించి కాదు. కప్పు కట్టు గట్టిగా ఉండాలి, పక్కన నీళ్ల ట్యాంకు, రెండు మరుగుదొడ్లు ఉండాలి, చక్రాల కుర్చీ ఎక్కే వాలు ఉండాలి. గోపురం దానంతటదే వస్తుంది.

కప్పు ఎందుకు లేచిపోతుందో మీకు తెలిసే ఉంటుంది, అయినా కుర్రాళ్లకు చెప్పాల్సింది మీరే. గాలి కప్పును కిందికి తొక్కదు, పైకి లాగుతుంది. ఒక కిటికీ పగిలి గాలి లోపలికి దూరిందంటే కింద నుంచి కూడా నెడుతుంది. అందుకే రేకు నుంచి దాని కింది అడ్డకర్రకి, అడ్డకర్ర నుంచి వాసానికి, వాసం నుంచి గోడ మీది దూలానికి, దూలం నుంచి గుంజకి, గుంజ నుంచి పునాదికి ఎక్కడా తెగని కట్టు ఉండాలి. ప్రతి కలిసే చోటా ఇనుప పట్టీ వేసి, దాని రంధ్రాలన్నిటికీ మేకులు కొట్టాలి. పట్టీ వేసి రెండు మేకులతో సరిపెట్టడం నేను చూసిన రోగాల్లో మొదటిది. కప్పు మరీ చదునుగా వద్దు, 30 డిగ్రీల వాలు మంచిది. చూరు పొడుగ్గా బయటికి రాకూడదు. వసారా కప్పును అసలు కప్పుతో కలపకుండా విడిగా వేయండి, పోతే వసారా ఒక్కటే పోతుంది. గోడల మూలల్లో ఐమూలగా కర్రలు కొట్టడం మరిచిపోకండి.

సామాను సంగతి. తుఫాను మర్నాడు పిల్లలకు అప్పజెప్పే మొదటి పని మేకులు ఏరడం. కూలిన చర్చి వాసాల్లోంచి ఊడదీసిన మేకుల్ని డబ్బాలో పోసుకుని, రాయి మీద పెట్టి సుత్తితో తిన్నగా కొడుతుంటారు, రోజంతా టకటకమని అదే చప్పుడు. వంకర తీసిన మేకు వంట గుడిసెకి, కంచెకి పనికొస్తుంది. కప్పుకి మాత్రం వాడనివ్వకండి, కొత్తవి, జింకు పూత ఉన్నవి, వీలైతే స్క్రూలు. చిల్లులు పడిన రేకుల్ని పారేయరు, వాన నీళ్లు ట్యాంకులోకి మళ్లించడానికి వాడతారు. మొదటి వాన నీళ్లు పక్కకు వదిలేసే ఏర్పాటు పెట్టండి, బూడిద, పక్షి రెట్టలు అన్నీ అందులోనే వస్తాయి. పడిపోయిన చెట్లు కుళ్లకముందే కోయించగలిగితే కలప ఊళ్లోనే దొరికినట్టు. చెయిన్ రంపం, దానికి బ్లేడు, పెట్రోలు, కోయడం వచ్చిన మనిషి, ఈ నాలుగింటికి ఇచ్చిన డబ్బు ఓడలో తెప్పించిన కలప కంటే ఎక్కువ ఇళ్లు నిలబెడుతుంది.

ఒక అడుగు వేసే ముందు నేల ఎవరిదో అడగండి. వనువాటు రాజ్యాంగం 73వ అధికరణ ప్రకారం దేశంలోని భూమంతా ఆచారబద్ధ హక్కుదార్లదీ, వాళ్ల వారసులదీ. పాత చర్చి ఉన్న చోటే కొత్తది కడుతున్నాం కదా అనుకుంటే, ఆ స్థలం మా తాత ఇచ్చింది అంటూ ఇద్దరు లేస్తారు. పునాది తవ్వాక లేస్తే పని ఏడాది ఆగుతుంది. పెద్దల సమక్షంలో మాట తేల్చుకున్నాకే ముగ్గు పోయండి.

డబ్బు విషయంలో మీ సంఘానికి ఇప్పుడే రెండు మాటలు చెప్పండి. ఒకటి, పాత బట్టలూ బొమ్మలూ పంపొద్దు. పామ్ తర్వాత ఎవరూ అడగని సరుకుతో వచ్చిన కంటైనర్లు పోర్ట్ విలాలో నెలల తరబడి ఉండిపోయాయి. రెండు, కానుకల్లో సగం పక్కన పెట్టి రెండో ఏడాదికి పంపమనండి. వచ్చిన ప్రతి వాటుకూ (వాటు అంటే అక్కడి డబ్బు) లెక్క రాసి, నెలకోసారి ఆరాధన అయ్యాక అందరి ముందూ పైకి చదివించండి. చదివేది మీరు కాదు, అక్కడి సంఘం కోశాధికారి.

బయటివాళ్లు లేకపోతే వీళ్లు లేవలేరేమో అనే అనుమానం మీ సంఘంలో ఎవరికైనా ఉంటే హెరాల్డ్ తుఫాను సంగతి చెప్పండి. 2020 ఏప్రిల్ 6న శాంటో, పెంటెకోస్ట్ దీవుల మీద ఐదో కేటగిరీలో పడింది. అప్పటికి కోవిడ్ భయంతో దేశం సరిహద్దులు మూసేసింది. విదేశీ సహాయకులు రాలేదు, వచ్చిన సరుకును కూడా కొన్నాళ్లు క్వారంటైన్‌లో ఉంచాకే దించారు. పెద్దలు, సంఘాలు, స్థానిక విపత్తు కమిటీలు, ఇతర దీవుల నుంచి దుంపలు మూటగట్టి పంపిన జనం, వీళ్లే నడిపించారు. 2023 మార్చిలో జూడీ, కెవిన్ తుఫానులు రెండూ రోజుల తేడాలో వచ్చినప్పుడూ మొదట కదిలింది వాళ్లే. మీరు వెళ్లినా వెళ్లకపోయినా ఊరు లేస్తుంది. అది తెలిసి వెళ్లినవాడికి టెన్షన్ తగ్గుతుంది, పని బాగా చేస్తాడు.

వాక్యం గురించి. టైమ్ దొరుకుతుంది, కాకపోతే మీరు అనుకున్న రూపంలో కాదు. "మా పాపం వల్లే తుఫాను వచ్చిందా?" అని మిమ్మల్ని కచ్చితంగా అడుగుతారు. కొందరు బోధకులు అవునని చెప్పి వెళ్లిపోతారు, పక్క సంఘం వాళ్ల పాపం వల్ల అని చెప్పేవాళ్లు కూడా ఉంటారు. 1861లో అదే తర్కాన్ని జనం మిషనరీల మీదికి తిప్పారని గుర్తుంచుకోండి. నేనైతే బైబిల్లో యోబు గ్రంథం తెరిచి, అతని స్నేహితులు ఏడు రోజులు నేల మీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడకపోవడం వరకు చదివి ఆపేసేవాణ్ణి. వాళ్లు నోరు తెరిచాకే కదా తప్పులు మొదలైంది. ఆ చదువు తర్వాత జనమే మాట్లాడతారు. ఎవరి గుడిసె ఎలా పోయింది, ఆ రాత్రి పిల్లల్ని ఎలా పొదివి పట్టుకున్నారు, అవన్నీ. వినండి చాలు. పాటలు వాళ్లే పాడతారు, మూడు నాలుగు శ్రుతుల్లో, ఏ వాయిద్యం లేకుండా. మీకు నేర్పించే పని ఉండదు.

రోజువారీ బతుకు గురించి ఎక్కువ రాయను, పదిరోజుల్లో అలవాటవుతుంది. తెల్లవారకముందే లేస్తారు, రాత్రి పెందలాడే పడుకుంటారు. తురిమిన దుంపను కొబ్బరిపాలతో కలిపి ఆకుల్లో చుట్టి వేడి రాళ్ల మీద ఉడికించే లాప్‌లాప్ వారానికోసారైనా తింటారు, బాగుంటుంది. ఫోను సోలార్ మీద ఛార్జ్ అవుతుంది, సిగ్నల్ కొండెక్కితే వస్తుంది. పెద్దాసుపత్రి లెనాకెల్‌లో ఉంది, తూర్పు వైపు ఊళ్ల నుంచి రోడ్డు బాగోలేకపోతే సగం రోజు పడుతుంది. దోమతెర మీద పొదుపు చేయకండి. దేశమంతా మాట్లాడే బిస్లామా భాష వెళ్లే ముందే మొదలుపెట్టండి, రెండు మూడు నెలల్లో పని జరిగేంత వస్తుంది. ఊరి భాష వేరే ఉంటుంది, తన్నాలోనే ఐదు భాషలున్నాయి. మీ ఆవిడ భుజాలు, మోకాళ్లు కప్పే వదులు గౌను రెండు కుట్టించుకుంటే సరిపోతుంది, మిగతావి అక్కడి ఆడవాళ్లే కుట్టిస్తారు.

రెండో ఏడాది గురించి మాత్రం హెచ్చరిస్తాను. ఎనిమిదో తొమ్మిదో నెలలో మీకు విసుగు వస్తుంది. కప్పులు సగంలో ఉంటాయి, రేకుల ఓడ రాదు, పనికి వస్తానన్న కుర్రాళ్లు పండ్లు కోసే పనికి ఆస్ట్రేలియాకో న్యూజిలాండ్‌కో వెళ్లిపోతారు. వాళ్లను తప్పుపట్టకండి. ఆ కుర్రాడు పంపే డబ్బుతో వచ్చే రేకులు మీ సంఘం పంపే వాటికంటే ఎక్కువ ఉండొచ్చు. ఆ నెలల్లో సంఘానికి పంపే రిపోర్టులో రాయడానికి ఏమీ ఉండదు. చిలగడదుంప రెండో పంట వచ్చింది అని రాయండి, అది పెద్ద వార్తే.

ఇక తేదీలు. అక్కడ తుఫాను కాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. టికెట్ మే నెలకు తీసుకోండి, తర్వాతి తుఫాను కాలం వచ్చేలోపు మీకు ఊరు తెలుస్తుంది, కనీసం కొన్ని కప్పులకు పట్టీలు పడతాయి. తుఫాను హెచ్చరికలు నీలం, పసుపు, ఎరుపు అని మూడు దశల్లో ఇస్తారు. రేడియోలో తుఫాను ఎక్కడుందో అక్షరం, అంకెతో చెప్తారు, గళ్లు గీసిన మ్యాపులో అది వెతుక్కోవాలి. ఊళ్లో పిల్లలకు కూడా అది చూడటం వచ్చు, మొదటి వారంలోనే నేర్చుకోండి. సామాన్లలో ఇనుప పట్టీలు, మంచి సుత్తులు నాలుగు, సూది దారం, మీ ఆవిడ బీపీ మెషిన్, చేతితో తిప్పే రేడియో పెట్టుకోండి. బరువు ఇంకా మిగిలితే మేకులు.